సీల్ ముట్టిన చేప

పోయిన ఆదివారం మా అమ్మాయిని డబ్లిన్ దగ్గరి హౌత్ రేవుకు తీసుకెళ్ళాను. అక్కడ గోడమీద సీళ్ళనే సముద్ర జంతువులకు ఆహారం పెట్టవద్దని ఒక బోర్డు ఉంది. సరిగ్గా ఆ బోర్డు కిందే నలుగురు నిలబడి చేప ముక్కలు విసురుతున్నారు. నీళ్ళలోంచి నల్లటి తలలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. మా అమ్మాయి బోర్డు చదివి, "వై వుడ్ ఎనీవన్ ఫీడ్ దెమ్, డాడ్?" అంది. దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఈ దేశపు యాసలోనే వస్తుంది. ఒక్కొక్కరికి ఒక్కో కారణం ఉంటుందమ్మా అన్నాను. "లైక్ వాట్?" అంది. రేవులో నిలబడి చెప్పగలిగిన సంగతి కాదది. చేతిలో ఐస్‌క్రీమ్ చూపించి తప్పించుకున్నాను. దారంతా ఆయనే గుర్తొచ్చాడు.

మేమందరం ఆయన్ని అన్న అనేవాళ్ళం. కంపెనీలు పోటీలు పడి మనుషుల్ని తెచ్చుకుంటున్న రోజులవి. డాక్‌ల్యాండ్స్‌లో ఎటు చూసినా క్రేన్లు, కొత్త అద్దాల మేడలు. ఉద్యోగం దొరికినంత సులువుగా ఇల్లు దొరికేది కాదు. అద్దెల దెబ్బకు డబ్లిన్‌కు ఉత్తరాన, రైలు వెళ్ళే ఒక సముద్రపు ఊరికి చేరాం మేము. పక్కింట్లో అన్న, వదిన. ఆయన క్లోనీ దగ్గర డేటా సెంటర్‌లో పనిచేసేవాడు. మాది గుంటూరు. పుట్టుకతో బ్రాహ్మణ్ణి, జీతానికి డేటాబేసులు చూసుకుంటాను. ఈ రెంటిలో మొదటిదే అన్నకు పనికొచ్చింది. మొదటి రోజు నుంచీ నన్ను "పంతులూ" అనే పిలిచాడు.

ఆయన్ని తలుచుకోగానే ముందు కనిపించేది మెడలో ఆఫీసు బ్యాడ్జి. లైఫ్ జాకెట్ కింద కూడా దాన్ని తీసేవాడు కాదు. సముద్రంలోకి అదెందుకన్నా అంటే, "నీళ్ళల్లకెల్లి నన్ను తీసినోళ్ళకు పేరు తెల్వద్దా?" అనేవాడు. ఈత రాదు. ఊళ్ళో ఈత నేర్పే కొలను ఉంది, వెళ్ళొచ్చు కదా అని పోరాను. "ఈతొస్తె ధైర్యమొస్తది పంతులూ. ధైర్యమొస్తె దూరం పోత. రాకుంటెనే మంచిగ ఒడ్డు పొంటి ఉంట" అన్నాడు.

పాత కయాక్ ఒకటి కొన్నాడు, ఒక్కరు కూర్చుని తెడ్డుతో నడిపే పడవ. వెడల్పుగా, నల్లగా, నీళ్ళలోకి దిగితే ఒక పట్టాన కదలని రకం. దానికి బర్రె అని పేరు. "బర్రెను తోలుకొస్త, నువ్వు తోక వట్టు" అని శనివారం పొద్దున్నే తలుపు కొట్టేవాడు. చేప వాసన తగిలితే పక్కకు తిరిగే వంశంలో పుట్టి, చేపల పడవ తోక మోసిన మొదటివాణ్ణి బహుశా నేనే. దసరాకు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. ఒడ్డుదాకా లాగే చక్రాల బండి కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. కుక్కను తిప్పుతున్న ఒకాయన ఆగి ఇదేమిటని అడిగాడు. "ఫర్ సేఫ్టీ" అన్నాడు అన్న. "గ్రాండ్" అని, అంటే మంచిదేలే అని, ఆయన తన దారిన పోయాడు. ఈ దేశంలో నాకు నచ్చే గుణాల్లో అదొకటి.

కయాక్ వదిన పోయాక వచ్చింది. అసలు వదిన పోవటం వల్లే వచ్చింది. ఆవిడది మంచిర్యాల దగ్గర గోదావరి ఒడ్డు పల్లె. అన్నది పాలమూరు. "ఈ పాలమూరాయనకు నీళ్ళు జూపిచ్చిందే నేను" అని ఎకసెక్కమాడేది. చేపలంటే ప్రాణం. సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ కాగితం చుట్టి, ముల్లు తీసి, తోలు తీసి పెట్టిన సాల్మన్ ముక్కలు చూస్తే ఆవిడకు ఒళ్ళుమండేది. "తలకాయ లేని చాపకు పులుసేంది? దాని మొకం సూడకుంట ఎట్ల తింటరు?" అనేది. ఎప్పటికైనా తలకాయతో ఉన్న సాల్మన్‌ను తెచ్చి పులుసు పెట్టి తీరాలని పట్టుదల. తేవాలనుకుంటే రేవులో దొరక్కపోదు. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటుండగానే జబ్బు బయటపడింది. ఆ చలికాలం దాటలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి బయట పెడతారు. కాకి వచ్చి ముట్టుకుంటే తృప్తిగా వెళ్ళినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. డేటాబేసు సెలెక్ట్ స్టేట్‌మెంట్లు తప్ప మంత్రం రాని నన్ను పంతులుగా నిలబెట్టారు. పెరట్లో గోడమీద విస్తరి పెట్టాం, అన్నం, సూపర్ మార్కెట్ సాల్మన్‌తో పెట్టిన పులుసు, ఒక కప్పు టీ. ఇక్కడ కాకులకు కరువేమీ లేదు. మా పొగగొట్టంలోనే ఒక కుటుంబం కాపురముంటుంది. అవి వచ్చాయి, గోడమీద అటూ ఇటూ నడిచాయి, విస్తరి వంక చూశాయి, వెళ్ళిపోయాయి. వీడియో కాల్‌లో వదిన అన్నయ్య, "బావా, మా చిన్నచెల్లె సదువు సూస్కుంటనని జెప్పు, అప్పుడు ముడుతది" అన్నాడు. అన్న చేతులు కట్టుకుని కాకులకు ఆ మాట చెప్పాడు. ముట్టలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకోనని చెప్పమన్నారు. చెప్పాడు. ముట్టలేదు. వానలో అలాగే నిలబడిపోయాడు. సాయంత్రం విస్తరి తీసుకెళ్ళి సముద్రంలో కలిపాం. తిరిగొస్తూ కారులో, "తలకాయ లేదు పంతులూ. అందుకే ముట్టలె" అన్నాడు.

ఆ మాట ఆ పూటకు అన్నదనుకున్నాను. కాదు. వానలు తగ్గగానే బర్రె వచ్చింది, గాలాలు వచ్చాయి, సాల్మన్ పట్టటానికి లైసెన్సు, పట్టిన చేపకు తొడగాల్సిన ట్యాగులు వచ్చాయి. తలతో ఉన్న సాల్మన్‌ను తన చేత్తో పట్టి ఆమెకు పెట్టాలి. ఎవరూ కాదనలేని కోరిక, ఈత రాని మనిషికి మాత్రం ప్రమాదమైనది. సాల్మన్ సముద్రంలో గాలానికి పడటం అరుదని, అది ఏట్లోకి తిరిగి వచ్చేటప్పుడు ఏటి మూతి దగ్గర కాచుకోవాలని రేవులో వాళ్ళు చెప్పారు. ఆ ఏరు ఏదో నేను చెప్పను. చేపలు పట్టేవాళ్ళు చోటు చెప్పరు, పడవ తోక మోసిన నాకూ ఆ నియమం వర్తిస్తుందని అన్న తేల్చాడు.

మొదటి రోజుల్లో మాకెరెల్ అనే చిన్న చేపలు తప్ప ఏమీ పడేది కాదు. ఒక శనివారం నేను ఒడ్డున ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్నాను. అన్న మొదటి మాకెరెల్‌ను గాలం నుంచి విడిపించి, తోక పట్టుకుని వదినకని నీళ్ళ మీదికి చెయ్యి చాచాడు. పక్కనే పెద్ద బూడిద రంగు తల లేచింది. మీసాలు, తడి కళ్ళు. తొందరపడకుండా, మర్యాదగా చేపను నోటితో అందుకుని మునిగిపోయింది. అన్న తెడ్డు వెయ్యటం కూడా మరిచి కెరటాలకే ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. మొహం పాలిపోయింది, నోరు మాత్రం నవ్వుతోంది. "ముట్టింది పంతులూ! నీదే తీస్కో అని చెప్పిన. ముట్టింది!" అన్నాడు.

"సంతోషం అన్నా" అన్నాను. నిజంగానే సంతోషం వేసింది. వదిన పోయాక ఆయన మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

అప్పట్నుంచి ప్రతి శనివారం మొదటి చేప దానిది. నేను మొదట్లో దాన్ని సీ లయన్ అనేవాణ్ణి. "సీ లయన్‌కు చెవులు బయటికుంటయి. దీనికి లెవ్వు. ఇది సీలు" అని దిద్దేవాడు. బర్రె నీళ్ళలో పడ్డ చప్పుడుకే ఎక్కడినుంచో వచ్చేది. అన్న దానితో మాట్లాడేవాడు. ఆఫీసు సంగతులు, ఇంటి సంగతులు, కొత్తగా వచ్చిన మేనేజరు సంగతి. గాలి ఇటు వీస్తే నాకు కొన్ని మాటలు వినిపించేవి. వినకూడదని ఫ్లాస్కు మూతతో చప్పుడు చేసుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఆ తీరంలో ఎండనక వాననక రోజూ ఈదే ఒక పెద్దావిడ ఉండేది. ఒకసారి ఆవిడ అన్నతో అది మగదని చెప్పింది. మూతి పొడుగ్గా, మెడ మందంగా ఉంటే మగదేనట. నేను అన్న వంక చూశాను. "ఆత్మకు ఆడ మగ ఏంది పంతులూ, ఏం గాదు తియ్" అన్నాడు. ఏం గాదు తియ్ అనేది ఆయన ఊతపదం. వాన పడ్డా, రైలు రద్దయినా, వలలో రాయి పడ్డా అదే మాట.

కానీ అయింది. మర్యాదగా అందుకున్న జంతువు నెల తిరిగేసరికి అడగటం మొదలుపెట్టింది. ఆ తర్వాత లాక్కోవటం. రెండు ముందు రెక్కలూ బర్రె మీద వేసి ఛాతీతో ఎక్కబోయేది. పడవ ఒక పక్కకు ఒరిగిపోతుంటే నాకు ఒడ్డున గుండె ఆగేది. మిగతావాళ్ళ గాలాలకు పడ్డ చేపల్నీ పీక్కుపోయేది. ఎవరి కయాక్ కనిపించినా పెట్టేవాడు వచ్చాడనుకుని మీదికి వెళ్ళేది. రేవులో వాళ్ళు తిట్టుకునేవాళ్ళు. ఎవరో అలవాటు చేశారని అందరికీ అనుమానం, ఎవరో మాత్రం తెలియదు.

ఒకరోజు పెద్దావిడ ఈదుతుండగా, ఆవిడ దూరానికి కనిపించేందుకు నడుముకు కట్టుకున్న నారింజ రంగు గాలి బుడగను అది నోట కరుచుకుని లోపలికి ఈడ్చుకుపోయింది. బుడగ పగిలి, తాడు ఊడి, ఆవిడ బతికి బయటపడింది. గీత కూడా పడలేదు. ఇక అనుమతి తెచ్చుకుని దాన్ని కాల్పించటమే మార్గమని రేవులో గట్టిగా మాట్లాడుకోవటం మొదలైంది.

ఆ వారమే ఆవిడ మా ఇద్దర్నీ ఒడ్డున పట్టుకుంది. తువ్వాలు చుట్టుకుని టీ తాగుతోంది. కోపంగా లేదు. "దానికి పెడుతున్నది నువ్వే కదా?" అని అన్నను అడిగింది. అన్న తల దించుకున్నాడు. "మై వైఫ్..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. మిగతాది నేను చెప్పాను. విస్తరి సంగతి, కాకి సంగతి, తలకాయ సంగతి. చెబుతున్నంతసేపూ నవ్వుతుందేమోనని నాకు భయం. ఆవిడ టీ కప్పు రాతి మీద పెట్టి అన్న చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అంది. ఇక్కడ చావింటికి వచ్చిన ప్రతివాళ్ళూ అనే మాట అది. తర్వాత చెయ్యి వదలకుండానే అంది, "కానీ నాయనా, వాళ్ళు దాన్ని చంపేస్తారు. మనిషి చెయ్యి కనిపిస్తే దగ్గరికొచ్చే జంతువు ఎక్కువకాలం బతకదు. నువ్వు మానేస్తే అదీ మానుకుంటుంది."

ఇంటిముందు పడవ దించుతూ అన్న, "నేను పెట్టకుంటె ఆమె ఉపాసముంటది" అన్నాడు.

"అన్నా, అది సీలు" అన్నాను. నాకు విసుగే వచ్చింది.

"నాకెర్క లేదా? సీలే. కాకి కాకే గదా, మరి దానికెందుకు పెడ్తం? శాస్త్రంల ఏమున్నదో చెప్పు."

"నాకు తెలీదన్నా. శాస్త్రం రాసినవాళ్ళు ఐర్లండ్ చూడలేదు. మీరు పెట్టేకొద్దీ దాని ప్రాణం మీదికి వస్తోంది. అది మాత్రం నాకు తెలుసు."

"సాల్మన్ దొరకనియ్యి. తలకాయ వెట్టి అప్పుడు మానేస్త" అన్నాడు. మా ఇద్దరి మధ్య వాదన అక్కడికి వచ్చి ఆగింది. ఆ కాలమంతా అన్న ఎవరికీ కనిపించకుండా పెట్టాలని కొండ మలుపు దాటి కొంచెం దూరం వెళ్ళేవాడు. ఈత రానందుకే ఒడ్డు పొంటి ఉంటానన్న మనిషి. రేవులో తుపాకీ మాట వినిపించినప్పుడల్లా ఆయన మొహం చూడలేకపోయేవాణ్ణి.

సాల్మన్ కాలం ముగియబోతుండగా ఒక పొద్దున ఏటి మూతి దగ్గర నీళ్ళు నిలకడగా ఉన్నాయి. నేను గులకరాళ్ళ మీద కూర్చున్నాను. అన్న నాకు కేకేస్తే వినపడేంత దూరంలో ఉన్నాడు. ఉన్నట్టుండి గాలపు కర్ర వంగిపోయింది. దూరాన నీళ్ళలోంచి వెండి రంగు చేప నిలువునా ఎగిరి పడింది. చేపను తినని నాకే ఒళ్ళు జలదరించింది. "పంతులూ! సాల్మన్!" అని అరిచాడు. నేనూ లేచి ఏదో అరిచాను. చేప లాగుతోంది, బర్రె తిరుగుతోంది, ఆయన వదులుతున్నాడు, చుడుతున్నాడు. చాలాసేపటికి చేప అలిసి పక్కకు వచ్చింది. వల చేతిలోకి తీసుకున్నాడు. అంతలో నీళ్ళు ఉబ్బాయి, బూడిద రంగు వీపు ఒకటి దొర్లింది, బర్రె ఊగిపోయింది. అన్న రెండు చేతులతో అంచులు పట్టుకుని కూర్చున్నాడు. ఒరిగిన పడవ మళ్ళీ సర్దుకుంది. వంగిన కర్ర నిటారుగా లేచింది.

మెల్లగా గాలపు తాడు చుట్టుకుని ఒడ్డుకు వచ్చాడు. ఒళ్ళో సాల్మన్ తలకాయ ఉంది. మొప్పల కింద కత్తితో కోసినట్టు, అంతవరకే. మిగతాదంతా సీల్ తినేసింది. సీళ్ళు అలాగే చేస్తాయని రేవులో ఎవర్ని అడిగినా చెబుతారు. అన్న జేబులోంచి ట్యాగు తీసి, ఆ తలకాయ మొప్పలోంచి దూర్చి బిగించాడు. ఇప్పుడెందుకన్నా అదంటే, "పట్టినట్టే గదా. రూల్ రూలే" అన్నాడు. తర్వాత దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని దాని మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఇది ఆమె గాదు పంతులూ" అన్నాడు.

నేను బర్రె తోక పట్టుకుని ఒడ్డు మీదికి లాగాను.

"ఆమైతె తలకాయ ఇడిసిపెడ్తదా?"

ముందు ఇద్దరికీ నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాం. వదిన ఉంటే ముందు తనే నవ్వేది. నవ్వు ఆగాక ఆయన మొహం చూశాను. ఇన్నాళ్ళూ మనిషి పక్కనే ఉందన్న భ్రమ తొలగిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆ సాయంత్రం తలకాయతో పులుసు పెట్టాడు. బయట విస్తరి పెట్టలేదు. "ఆమె తృప్తిగనే పోయింది, మిగిలిన కోరిక నాదే" అని తనే తిన్నాడు. నేను ఎదురుగా కూర్చుని పెరుగన్నం తిన్నాను. పులుపు సరిపోలేదన్నాడు, ఆవిడ చేతి పులుసు గురించి చాలా చెప్పాడు.

అక్కడితో బర్రెను అమ్మేస్తాడనుకున్నాను. తర్వాతి శనివారం మళ్ళీ తలుపు కొట్టాడు. "కాలం అయిపోయింది కదన్నా" అన్నాను. "చాపలకు గాదు. అలవాటు చేసింది నేను. మానిపించెటోడు ఎవడు?" అన్నాడు. గాలం లేదు, వల లేదు, బుట్ట లేదు. ఒట్టి మనిషి, బర్రె, మెడలో బ్యాడ్జి. సీల్ వచ్చింది. అన్న రెండు అరచేతులూ తెరిచి చూపించాడు. అది పడవ మీదికి లేచింది. తెడ్డుతో నీళ్ళ మీద గట్టిగా కొట్టి "లేదు! పో!" అని అరిచాడు. అది కాస్త దూరం జరిగి, తల పైకెత్తి చూస్తూనే ఉంది. ఆయన గొంతు వింటే అలవాటు లేని పని చేస్తున్నాడని తెలిసిపోతుంది. ఎవర్నీ గట్టిగా కసరని మనిషి.

ఆ చలికాలమంతా అదే పని. చేతులు గడ్డకట్టేవి. పెద్దావిడ ఒడ్డునుంచి చూసి తలూపి వెళ్ళేది. ఆవిడే రేవులో వాళ్ళతో మాట్లాడి కొన్నాళ్ళు ఆగమందని తర్వాత తెలిసింది. ఒక్కో శనివారం సీల్ ఇంకాస్త దూరంలో ఆగేది. ఒక్కోసారి ఒక్కసారే తలెత్తి మునిగిపోయేది. అన్న అరవటం కూడా మానేశాడు, చేతులు చూపించి ఊరుకునేవాడు. అది బతికిపోతుందని నాకు నమ్మకం కలిగింది. ఆ సంగతి పైకి అంటే ఆయన సంతోషిస్తాడనుకున్నాను.

ఒకరోజు ఎప్పటికంటే చాలాసేపు నీళ్ళలో ఉండిపోయాడు. సముద్రం ఖాళీగా ఉంది. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ చూస్తూనే ఉన్నాడు. కెరటాలు బర్రెను ఒడ్డుకు తెచ్చాయి. నేను మోకాళ్ళ దాకా దిగి తోక పట్టుకున్నాను. ఆయన దిగలేదు.

"ఇయ్యాల రాలె" అన్నాడు.

"మంచిదేగా అన్నా. మానుకున్నట్టే. ఇక దానికి భయం లేదు."

"మంచిదే" అన్నాడు. తెడ్డు ఒళ్ళోంచి తీసి పడవలో పెట్టి, "ఆమె గాదని ఎర్కే. గని శనివారమొస్తె నాకోసం ఎదురుసూసెటోళ్ళు ఒక్కరున్నరనిపించేది" అన్నాడు.

వదిన పోయిన రోజు ఆయన ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేస్తూ, టీలు ఇస్తూ తిరిగాడు. ఆ పొద్దున, ఖాళీ సముద్రం వైపు తిరిగి, పడవలో కూర్చునే ఏడ్చాడు. చలికి నా కాళ్ళు మొద్దుబారిపోయాయి. ఆయన దిగేదాకా పడవ కదలకుండా పట్టుకుని నీళ్ళలోనే నిలబడ్డాను.